రోగిని అడిగితిమా?
ధ్యానభాగము: మార్కు 10:46-52

మన మేడ్చల్, శామీర్‌పేట గ్రామములనుండి క్యాన్సరు రోగులు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రికి పోవుచుందురు. అది 1955లో ఆరంభమైన ప్రభుత్వ ఆసుపత్రి. కడుపులోని గడ్డ ముదిరి ప్రక్క అవయవములకు అంటుకొన్నదని తెలిసినప్పుడు ఇంటిలో మొదట జరుగు పని కాగితములు దాచుట. "నాయనకు చెప్పవద్దు, బెంగపెట్టుకొనును" అని కుమారులు ఒక్కమాటయగుదురు. పిమ్మట పెద్ద ఆపరేషను చేయించుటయా మానుటయా అని, పొలము అమ్మకమువలె, తామే తీర్మానింతురు.

ఇది చిన్న కోత కాదు. గడ్డ జీర్ణాశయమునుండి పెద్దప్రేగునకో క్లోమమునకో ప్రాకినయెడల, అంచున రోగము మిగులకుండ అన్నిటిని కలిపి తీయవలసి వచ్చును. కొందరికి ప్రేగును పొట్టమీదికి తెచ్చి సంచి కట్టుదురు. అది జీవితాంతము ఉండవచ్చును. 1948లో అమెరికాలో బ్రన్ష్విగ్ అను వైద్యుడు, ముదిరిన క్యాన్సరునకు పొత్తికడుపులోని అవయవములను కలిపి తీసిన 22 మంది రోగులనుగూర్చి వ్రాసెను. వారిలో 5గురు ఆపరేషనువలననే చనిపోయిరి. నేడు ఆ విద్య ఎంతో వృద్ధియైనది. కొందరు స్వస్థులై ఏండ్లతరబడి బ్రదుకుచున్నారు. అయినను కోతను భరించు శరీరము రోగిదే గదా.

ఒప్పుకొనుట అవిశ్వాసమని కొందరందురు. హిజ్కియా ఆయుష్షు పొడిగింపబడినప్పుడు సహితము పుండుమీద అంజూరపు ముద్ద వేయించిరి (యెషయా 38:21). వద్దనుట ఆత్మహత్యయే అని మరికొందరు. ఇది నేను ఒప్పుకొనను. వెళ్లిపోయి క్రీస్తుతో నుండవలెనను ఆశ పౌలునకును కలదు (ఫిలిప్పీ 1:23). దానిని ఎవరును పాపమనలేదు.

బర్తిమయి గ్రుడ్డివాడు. వానికేమి కావలెనో యెరికోలో అందరికి తెలియును. అయినను ప్రభువు వానినే పిలిపించి, వానినే అడిగెను. ఊరకుండుమని జనులు గద్దించినవాని నోటనుండియే ఆ కోరిక వినెను. మన ఇండ్లలో ఆ గద్దింపు ప్రేమ పేరట జరుగుచున్నది.

చెప్పుట కఠినమే. తెలిసికొన గోరని రోగులును ఉందురు. ఎంతవరకు చెప్పవలెనో వారినే అడిగి అక్కడ ఆగవచ్చును. కాని నేనెరిగినంతలో, అనేకులు ముందే గ్రహించియుందురు. పిల్లలు బాధపడుదురని వారును దాచుదురు. విడిపోయిన తమ్మునితో సమాధానపడవలెనని, ఇంకొకసారి ప్రభువు బల్లలో పాలుపొందవలెనని వారికున్న కోరికలు ఎవరితో చెప్పుకొందురు?

డాక్టరుగారిని రోగి యెదుటనే అడుగుడి: రోగమంతయు తీయ వీలగునా? తరువాత అన్నము ఎట్లు తినును? చేయించుకొననియెడల నొప్పికి ఏమి ఇత్తురు? ఈ కడపటి ప్రశ్న మనవారు అడుగరు. ఆ ఆసుపత్రిలోనే నొప్పి తగ్గించుటకు ప్రత్యేక విభాగము కలదు. అటుపిమ్మట మనము ఊరకుండి, ఆయన ఏమనునో వినవలెను.