అక్షరములు మాత్రమే చాలునా?

బడికి పంపిన బిడ్డ ఏమి నేర్చుకొని రావలెనని తలిదండ్రులు కోరుదురు? మంచి మార్కులు, ఆ పిమ్మట మంచి ఉద్యోగము అని పెక్కుమంది ప్రత్యుత్తరమిత్తురు. ఈ కోరిక తప్పు కాదు. అయితే పరీక్షలో నెగ్గినవాడు జీవితములోను నెగ్గునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకువారు పట్టణములలోని గొప్ప విద్యాలయములను విడిచి, ఒక్కసారి బస్తరు అడవులవైపు చూచుట మేలు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు దక్షిణమున నున్న బస్తరు తెలుగువారికి పరాయి సీమ కాదు. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు అక్కడ రాజ్యము స్థాపించెనని ప్రసిద్ధి. అక్కడి గోండి భాష తెలుగునకు సోదరభాష.

నారాయణపూర్, కొండగావ్ ప్రాంతములలో నివసించు మురియా గోండులలో ‘ఘోటుల్’ అను సంస్థ తరతరములుగా వర్ధిల్లెను. గ్రామములోని అవివాహితులైన బాలబాలికలు సాయంకాలమున అచ్చట కూడుదురు. వెరియర్ ఎల్విన్ 1947లో దానిని గూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రచురించెను. దాని ఆచారములన్నియు అందరికి ఆమోదయోగ్యములు కావు. అనేక గ్రామములలో అది క్షీణించినది కూడ. అయినను అందలి శిక్షణ గమనింపదగినది. కట్టెలు తెచ్చుట, ఆవరణము ఊడ్చుట, పెండ్లిపనులలో ఊరివారికి తోడ్పడుట పిల్లల విధులు. విధి తప్పినవారికి జరిమానా కలదు. ఆ జరిమానా విధించు నాయకులును పిల్లలే. అక్కడ మొదటి ర్యాంకు లేదు, చివరి ర్యాంకు లేదు. తాను చేయనిచో ఆ పని మరియొకని భుజముపై పడునను ఎరుక మాత్రము కలదు.

అట్లని అక్షరము అక్కరలేదని తలంపరాదు. అడవిలో సేకరించిన విలువైన సారపప్పును వర్తకునికిచ్చి, బదులుగా ఉప్పు పుచ్చుకొని మోసపోయిన గిరిజనుల గాథ బస్తరులో బహుకాలము సాగినది. 2011 జనాభా లెక్కలలో బీజాపూర్ జిల్లా అక్షరాస్యత సుమారు 41 శాతము మాత్రమే. తూకము తెలియనివానికి, కాగితముమీద ఏమి వ్రాసియున్నదో చదువలేనివానికి సద్గుణమొక్కటే రక్షణ కాజాలదు. కావున బడి కావలెను. అయితే ఎట్టి బడి?

2005 తరువాత చెలరేగిన హింసలో ఆ ప్రాంతపు పాఠశాలలు పెక్కు పాడైపోయెను. అనేక కుటుంబములు సరిహద్దు దాటి గోదావరి తీరమునకు వలసవచ్చెను. పిల్లల కొరకు ప్రభుత్వము ‘పోటా క్యాబిన్’ అను వసతి పాఠశాలలను నెలకొల్పెను. వాటివలన ఆహారము, ఆశ్రయము, అక్షరము లభించినవి. అది చిన్న మేలు కాదు. కాని యింటికి దూరముగా పెరుగు బిడ్డకు ఎక్కడనైనను ఒక అపాయము కలదు. తన తల్లి మాటలాడు భాష తక్కువదనియు, తన తండ్రి చేయు పని నీచమనియు ఆ బిడ్డ మనస్సున నాటుకొన్నయెడల, బడి ఇచ్చినదానికంటె పుచ్చుకొన్నది ఎక్కువ. తన వారినిచూచి సిగ్గుపడుట నేర్చిన విద్యార్థి ఎంత ఎత్తునకు ఎదిగినను వేరులేని చెట్టువంటివాడు.

ఈ అపాయమును దాటుటకు ఒక మార్గమును ధరంపాల్ సైనీ చూపెను. వినోబా భావే శిష్యుడైన ఆయన 1976లో బస్తరునకు వచ్చి, జగదల్‌పూర్ సమీపమున డిమరాపాల్‌లో బాలికల కొరకు ఆశ్రమ పాఠశాల ప్రారంభించెను. దానికి వినోబా తల్లియైన రుక్మిణి పేరు పెట్టబడెను. కొండలెక్కి, అడవిదారులలో క్రోసులకొలది నడచుట ఆ బాలికలకు పుట్టుకతో అబ్బిన విద్య. సైనీ దానిని మొరటుతనమని ఎంచలేదు. అదియే వారి మూలధనమని గ్రహించి, పాఠములతోపాటు పరుగుపందెములలో శిక్షణ ఇప్పించెను. వారిలో అనేకులు జాతీయస్థాయి పోటీలలో పాల్గొనిరి. తమకు లేనిదానిని గూర్చి మాత్రమే వినుచు వచ్చిన పిల్లలు, తమకున్నదాని విలువను మొదటిసారి ఎరిగిరి. 1992లో ఆయనకు పద్మశ్రీ లభించెను.

అంతకంటె గొప్ప గౌరవము 2021 ఏప్రిల్ నెలలో కలిగెను. బీజాపూర్–సుకుమా సరిహద్దున జరిగిన పోరులో 22 మంది జవానులు మరణించిరి. ఒక జవాను మావోయిస్టులకు బందీగా చిక్కెను. అతనిని విడిపించుటకు అడవిలోనికి వెళ్లినవారిలో తొంబది యేండ్లు దాటిన సైనీ ఒకడు. జవాను క్షేమముగా తిరిగివచ్చెను. ఆయుధము లేని ఆ వృద్ధుని మాటను తుపాకి పట్టిన ఇరుపక్షములును ఎట్లు వినగలిగెను? ఆయన నలుబది యేండ్లకు పైగా ఆ ప్రజల బిడ్డల మధ్య నివసించి సంపాదించిన నమ్మకము వలననే. అట్టి నమ్మకమునకు పట్టా ఇచ్చు విశ్వవిద్యాలయము లేదు.

కాగా పాఠ్యపుస్తకముతోపాటు బడి నేర్పవలసినవి మూడు కలవు. ఒకరి భారమును పంచుకొను అలవాటు మొదటిది. తన వారియెడల, తన భాషయెడల గౌరవము రెండవది. మాట నిలుపుకొని నమ్మదగినవాడగుట మూడవది. వీటికి ప్రత్యేకమైన గంట అక్కరలేదు. తరగతి గదిని విద్యార్థులు వంతులవారీగా ఊడ్చునప్పుడు, ఉపాధ్యాయుడును చీపురు పట్టునప్పుడు మొదటి పాఠము జరుగును. బిడ్డ ఇంటి మాటను ఉపాధ్యాయుడు నవ్వక వినునప్పుడు రెండవది జరుగును. చేసిన వాగ్దానమును పెద్దలు మరువనప్పుడు మూడవది జరుగును.

సాయంకాలము ఇంటికి వచ్చిన బిడ్డను “ఎన్ని మార్కులు వచ్చెను?” అని అడుగుట సులభము. “నేడు నీవలన ఎవరి పని తేలికయైనది?” అని కూడ అడుగు తలిదండ్రులు ధన్యులు. ఆ ప్రశ్నకు ప్రతిదినము ఉత్తరము చెప్పగల బిడ్డ, పరీక్షలో ఏ స్థానమున నిలిచినను, జీవితములో ఓడిపోయినవాడు కాడు.