ఎప్పట్నుంచి?

నాచారంలో మా పెద్దమ్మ ఒక రాత్రి దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతూ కూర్చుంది. ఏరినవాటిని పక్కనున్న స్టీలు గ్లాసులో జాగ్రత్తగా వేస్తోంది. పన్నెండేళ్ల కిందట పోయిన పెదనాన్న గుమ్మంలో నిలబడ్డాడని, అన్నం పెట్టవేమని నా మీద కోప్పడింది. తెల్లారితే మామూలుగానే ఉండేది. పొద్దుగూకేసరికి మళ్లీ మొదలు.

"గాలి సోకింది బిడ్డా, తాయెత్తు కట్టించు" అంది పక్కింటామె. ఇంకొకాయన గొంతు తగ్గించి, "ఎర్రగడ్డకు తీసుకుపోవాలేమో" అన్నాడు.

ఆ గొంతు తగ్గించడమే నన్ను బాధపెట్టింది. మానసిక వైద్యశాల ఉన్న చోటు కాబట్టి మన హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే తిట్టు. హబ్సిగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే అక్కణ్నుంచి మూడో స్టేషను, అంతే దూరం. ఆ దూరం వెళ్లడానికి కొన్ని ఇళ్లకు ఏళ్లు పడుతుంది. ఈలోపు జబ్బు ముదురుతుంది.

మేం వెళ్లిన డాక్టరుగారు ముందుగా అడిగింది, "ఎప్పట్నుంచి?" అని.

"మూడు రోజుల్నుంచండీ."

"అంతకుముందు?"

"కూరగాయలాయనతో రూపాయి తేడా రానిచ్చేది కాదు."

ఆయన పెద్దమ్మ పక్కన కూర్చుని, వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమన్నారు. శనివారం, శుక్రవారం అంది. ఆగింది. మళ్లీ శుక్రవారం, శుక్రవారం అంటూ గోడకేసి చూసింది. పరీక్షలు చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తక్కువ. వీటివల్ల ఇలా ఉన్నట్టుండి మతి తప్పడాన్ని డెలీరియం అంటారు. వయసుతో వచ్చే మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద ముదురుతుంది. ఇది గంటల్లో, రోజుల్లో మీదపడుతుంది, రాత్రిళ్లు ఎక్కువవుతుంది. మూలకారణం పట్టుకుని వైద్యం చేస్తే చాలామంది తేరుకుంటారు. పెద్దమ్మ తేరుకుంది. ఇంటికొచ్చాక శనివారం నుంచి ఆదివారం దాకా తడుముకోకుండా అప్పజెప్పింది.

మనం "ఏం పట్టింది?" అని అడుగుతాం. దానికి దొరికే జవాబు ఒక దయ్యమో, ఒక తిట్టో. "ఎప్పట్నుంచి?" అంటే మాత్రం ఆ మనిషికి నిన్న ఒకటుందని, అందులో తను బాగానే ఉందని ఒప్పుకున్నట్టు. ఈ తేడా చిన్నది కాదని నా నమ్మకం.

పిల్లల దగ్గరా అంతే. బలపాలు, గోడ సున్నం తినే పిల్లను మొండిదని కొడతాం. పైకా అనే ఆ అలవాటు వెనక చాలాసార్లు ఇనుము లోపం ఉంటుంది. దెబ్బలకంటే ముందు రక్తపరీక్ష కావాలి.

ఏ వయసులోనైనా విరుచుకుపడేది ఇంకొకటుంది. ఉన్నట్టుండి మాట ఆగిపోతుంది, తిండి ఆగిపోతుంది, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోతుంది. పూనకమనుకుని కొబ్బరికాయలు కొడతారు. జర్మన్ వైద్యుడు కాల్‌బామ్ 1874లోనే దీనికి కాటటోనియా అని పేరుపెట్టాడు. లోరజెపామ్ అనే మందు ఇచ్చాక గంటల్లోనే నోరు తెరిచి మంచినీళ్లడిగేవాళ్లున్నారు. మందుకు లొంగకపోతే కరెంటు చికిత్స. ఆ మాట వింటేనే సినిమాల్లో చూసినవన్నీ గుర్తొచ్చి ఇంటిల్లిపాదీ హడలిపోతారు. మత్తుమందూ, కండరాలు సడలించే మందూ లేకుండా ఆ చికిత్స చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. తిండీ నీళ్లూ లేకుండా కదలని మనిషికి అసలు ప్రమాదం ఆలస్యమే.

అందుకే అడుగుతున్నాను. ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి మారిపోతే తేదీ రాసిపెట్టండి. జ్వరముందా, కొత్త మందేదైనా మొదలుపెట్టారా, రాత్రి ఎలా ఉంది, పగలు ఎలా ఉంది, అన్నీ ఒక కాగితం మీద రాయండి. అది పట్టుకుని అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.