రాబోయే ఫలం, ఈ ఏటి ఆట: డైనాస్టీ లీగు తొలి సంవత్సరంలో ధర్మవిచారం

రాబోయే ఫలం కోసం వర్తమానాన్ని ఎంతవరకు వదులుకోవచ్చు అన్న ప్రశ్న తత్త్వశాస్త్రంలో చాలా పాతదే అయినా, అమెరికాలో లక్షలాదిమంది ఆడే ఫాంటసీ ఫుట్‌బాల్‌లోని డైనాస్టీ పద్ధతి దానికి లెక్క చూసుకోదగినంత స్పష్టమైన రూపం ఇచ్చింది. ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే నేషనల్ ఫుట్‌బాల్ లీగులో ఆడే నిజమైన క్రీడాకారులను పంచుకుని కొందరు తమలో తాము ఊహాజట్లు కట్టుకోవడం, ఆ క్రీడాకారులు మైదానంలో సాధించిన గజాలకూ టచ్‌డౌన్లకూ వచ్చే పాయింట్లతో వారం వారం ఒకరితో ఒకరు పోటీపడడం. 1962లో ఓక్లాండ్ రైడర్స్ జట్టు భాగస్వాముల్లో ఒకడైన బిల్ వింకెన్‌బాక్ మరికొందరితో కలిసి న్యూయార్కులోని ఒక హోటల్లో దీని నియమాలను రూపొందించగా, మరుసటి ఏడు ఎనిమిది జట్లతో తొలి లీగు నడిచింది. సాధారణ లీగులో ఏడాది ముగియగానే జట్లు రద్దవుతాయి. డైనాస్టీలో మాత్రం ఒకసారి తీసుకున్న ఆటగాడు యజమాని వదిలేసేదాకా, లేదా మరొకరికి మార్చుకునేదాకా ఆ జట్టులోనే ఉంటాడు. అందరు ఆటగాళ్లనూ పంచుకునే స్టార్టప్ డ్రాఫ్ట్ అనే పంపకం లీగు పుట్టిన ఏడు ఒక్కసారే జరుగుతుంది. తరువాత ఏటా కళాశాలల నుంచి కొత్తగా వచ్చే రూకీలను మాత్రమే పంచుకుంటారు, ఆ పంపకంలో కిందటి ఏడు అట్టడుగున నిలిచిన జట్టుకు సాధారణంగా మొదటి వంతు దక్కుతుంది.

తొలి సంవత్సరపు సంకటం ఈ చివరి నియమం నుంచే పుడుతుంది. బంతిని పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ శరీరం ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లకే సడలుతుందనీ, విసిరిన బంతిని అందుకునే వైడ్ రిసీవర్ ముప్ఫై దగ్గరపడేదాకా నిలుస్తాడనీ, ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ ఇంకా చాలాకాలం ఆడతాడనీ ఒక సామాన్య విశ్వాసం ఉన్నందువల్ల, ఈ ఏడు బాగా ఆడగల ఇరవై ఎనిమిదేళ్ల రన్నింగ్ బ్యాక్ చవకగా దొరుకుతాడు, ఇంకా ఒక్క ఆటా ఆడని ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు ప్రియమవుతాడు. రాబోయే సంవత్సరాల రూకీ వంతులను కూడా ఇప్పుడే ఇచ్చిపుచ్చుకునే వీలుంది కనుక, తొలి ఏటిని పూర్తిగా వదిలేసి రెండో ఏటికో మూడో ఏటికో సామ్రాజ్యం కట్టాలన్న సంకల్పం చాలామందికి కలుగుతుంది.

ఈ భావి వంతు అనేది విచిత్రమైన పదార్థం. దానికి పేరు లేదు, శరీరం లేదు. రెండేళ్ల తరువాత అది ఏ యువకుడిగా పరిణమిస్తుందో ఎవరూ ఎరుగరు. అయినా దానికి ఈరోజే విలువ ఉంది. పూర్వమీమాంసకులు ఇటువంటి పదార్థాన్ని గురించి శ్రద్ధగా ఆలోచించారు. యాగం చేసినరోజే ముగిసిపోతుంది, స్వర్గఫలమో మరణానంతరం కలుగుతుంది. నశించిన క్రియ అంతకాలం తరువాత ఫలాన్ని ఎలా ఇస్తుందన్న ప్రశ్నకు వారు అపూర్వం అనే అదృశ్యశక్తిని సమాధానంగా చెప్పారు. క్రియకూ ఫలానికీ నడుమ వంతెన వంటిది అది. అయితే అపూర్వానికి ప్రమాణం వేదం, అందువల్ల మీమాంసకుడికి దాని ఫలం తప్పదు. రూకీ వంతుకు ఉన్న ప్రమాణం కేవలం అనుమానం, అదీ నైయాయికులు సవ్యభిచారమని పిలిచే హేతువు మీద, అంటే సాధ్యం లేనిచోట కూడా కనిపించే హేతువు మీద, ఆధారపడిన అనుమానం. వయసు హేతువు, ఆట సాధ్యం అనుకుంటే, 1994లోనే పుట్టిన ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌ల చరిత్ర చాలు దానిని పరీక్షించడానికి. టాడ్ గర్లీ 2017లో లీగు మొత్తంలో ఉత్తమ దాడి ఆటగాడిగా పురస్కారం పొంది, మోకాలి బాధ ముదిరి, 2020లో ఇరవై అయిదేళ్ల వయసులో రామ్స్ జట్టు చేత వదిలివేయబడ్డాడు. అదే అతని చివరి ఏడు అయింది. డెరిక్ హెన్రీ ముప్ఫై ఏళ్ల వయసులో, 2024లో, బాల్టిమోర్ తరఫున 1,921 గజాలు పరుగెత్తాడు. దీర్ఘాయువుకు పేరుపొందిన క్వార్టర్‌బ్యాక్‌లలో కూడా ఆండ్రూ లక్ ముప్ఫై నిండకుండానే 2019 ఆగస్టులో ఆట చాలించాడు. ఎంపిక క్రమం అనే హేతువు కూడా అంతే: 2023లో 177వ ఎంపికగా వచ్చిన వైడ్ రిసీవర్ పూకా నకువా, రూకీలలో అంతకుముందు ఎవరూ సాధించనన్ని, 1,486 గజాలు అందుకున్నాడు.

హెన్రీ సిడ్జ్‌విక్ 1874లో వెలువరించిన నీతిశాస్త్ర గ్రంథంలో, ఒక మేలు ముందు కలగడం, మరొకటి వెనుక కలగడం అనే భేదం మాత్రమే వాటిలో ఒకదానిని తక్కువగా చూడడానికి కారణం కాజాలదని వాదించాడు. ఆ వాదం సరైనదే. భవిష్యత్తుకు ధర తగ్గించవలసి వస్తే అది దూరంగా ఉన్నందుకు కాదు, అనిశ్చితమైనందుకు. కానీ ఈ సూత్రాన్ని చేతబట్టి తొలి ఏటిని వదులుకునేవారు దాని రెండో అంచును గమనించరు. ముందు వచ్చే ఏడు కూడా ఏళ్లలో ఒకటే. తొలి సంవత్సరంలో గెలిచిన కిరీటం అయిదో సంవత్సరంలో గెలిచిన కిరీటం కన్నా చిన్నది కాదు. మొదటి ఏడు లెక్కలోకి రాదనడం, తొందరపాటు మనిషి చేసే తప్పునే తలకిందులుగా చేయడం.

ఇక్కడ కర్త ఎవరు, ఫలభోక్త ఎవరు అన్నది కూడా ఆలోచించవలసిందే. యాగంలో కర్మ చేసేవారు ఋత్విక్కులు, ఫలం యజమానిది. ఋత్విక్కుకు దక్షిణ ముడుతుంది. ఊహాజట్టు యజమాని మాత్రం తనను ఎరుగని ఒకరి శరీరకష్టం నుంచి, ఏమీ చెల్లించకుండానే ఫలం పొందుతాడు. 2023 జనవరి 2న సిన్సినాటిలో బఫెలో ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగి మైదానంలోనే కూలిపోయినప్పుడు, ఎన్నో ఫాంటసీ లీగుల తుదిపోరు ఆ ఆట మీదే నిలిచి ఉంది. ఆటను రద్దుచేశారు, అది న్యాయమే. వయసును తరుగుదలగా, మోకాలిని నష్టభయంగా లెక్కించే ఈ కాలక్షేపంలో ఆ రాత్రిని మరిచిపోకూడదు.

యువకులను ఎంచుకోవడం వేరు, ఓడిపోవడానికే ఆడడం వేరు. మొదటిది తీర్పు, అది తప్పినా నిందకు తగదు. రెండోదాన్ని ట్యాంకింగ్ అంటారు: పై ఏడు మొదటి వంతు కోసం గాయపడినవాడినో, ఆ వారం ఆటే లేనివాడినో తెలిసి తెలిసి బరిలో దింపడం. దీని నష్టం కర్తకు మాత్రమే పరిమితం కాదు. తెలిసి ఓడిన ప్రతి ఆటా ప్రత్యర్థికి ఉచితంగా ఇచ్చిన గెలుపు, దానివల్ల ఏ పాపమూ ఎరుగని మూడోజట్టు ప్లేఆఫ్ స్థానం కోల్పోతుంది. ఆటకు చేరిన ప్రతివాడూ ప్రతి వారం తన శక్తిమేరకు ఆడతానని మాట ఇచ్చినట్టే. తన వర్తమానాన్ని తాను త్యాగం చేసుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది గాని, ఇతరుల వర్తమానాన్ని త్యాగం చేసే హక్కు ఉండదు. దీనికి ఎదురుదిక్కు దోషమూ ఉంది: రాబోయే ఏళ్ల వంతులన్నీ అమ్మి ఈ ఏడు గెలిచి లీగు విడిచిపోయేవాడు, అనాథ జట్టు అని పిలిచే ఖాళీ గూటిని తరువాతి యజమానికి మిగులుస్తాడు. తత్త్వవేత్త జాన్ రాల్స్ 1971లో, ప్రతి తరమూ తరువాతివారి కోసం న్యాయంగా కొంత మిగల్చాలన్నది ఈ లోపం గురించే అనిపిస్తుంది.

ఈ రెండు దోషాలకూ మందు తెలిసినదే. రూకీ వంతుల క్రమాన్ని గెలుపోటములతో కాక, ఆ జట్టులోని ఉత్తమ ఆటగాళ్లను ప్రతి వారం దింపి ఉంటే వచ్చి ఉండే పాయింట్ల మొత్తంతో నిర్ణయిస్తే, కావాలని ఓడినవాడికి లాభం ఉండదు. ఏ ఏటి వంతును అమ్ముతున్నారో ఆ ఏటి రుసుము ముందే కట్టాలంటే, పారిపోయేవాడి బరువు మిగిలినవారి మీద పడదు. తమకు ఏ స్థానం దక్కుతుందో తెలియనివారు చేసుకున్న నియమాలే న్యాయమైనవని రాల్స్ ఊహించిన స్థితి లోకంలో దాదాపు ఎక్కడా దొరకదు. డైనాస్టీ లీగులో అది స్టార్టప్ డ్రాఫ్టుకు ముందు కొద్దిరోజులు నిజంగా ఉంటుంది. అందువల్ల కొత్త లీగు పెట్టేవారు మొదటి ఆటగాడి పేరు పలకకముందే ఈ రెండు నియమాలనూ రాసి అందరి సమ్మతీ తీసుకోవాలి. ఎవరు బలవంతులో, ఎవరు బలహీనులో తేలిన తరువాత ఓటుకు పెడితే, ప్రతివారూ తమ జట్టుకు లాభించే వైపే ఓటు వేస్తారు.