తప్పు కాదు, అప్పు

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వైపు బడుల్లో చదువుకున్నవాళ్లని ఎవర్నైనా అడగండి, ఎక్స్‌కర్షన్ అంటే ముందు సాగర్ పేరే చెప్తారు. పొద్దున్నే బస్సు, మధ్యాహ్నం పులిహోర, లాంచీలో నాగార్జునకొండ, మ్యూజియంలో ఒక చుట్టు, గ్రూప్ ఫొటో, చీకటి పడేసరికి ఇల్లు. పిల్లలకి శిల్పాల కన్నా లాంచీ ముద్దు. అది సహజమే. నన్ను తొలిచే ప్రశ్న వేరు. మన అన్నం కోసం మునిగిన చోటికి మనమే విహారయాత్రకి వెళ్తే, అక్కడ మనం ఎవరం? చుట్టాలమా, టూరిస్టులమా, బాకీదారులమా?

ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. మూడు, నాలుగు శతాబ్దాల నాటి స్తూపాలు, విహారాలు, గుళ్లు, స్నానఘట్టాలు. 1926లో వాటి ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆనకట్ట ఖాయమయ్యాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నీటితో పోటీపడి తవ్వారు. వందకి పైగా చోట్ల తవ్వితే, కొండ మీద తిరిగి కట్టగలిగినవి తొమ్మిది. మరికొన్నిటిని అనుపులో కట్టారు. ఇప్పుడు దీవిలా కనిపించేది ఒకప్పటి కొండ శిఖరం. 1967లో కాలువలకి నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మన వైపు వచ్చింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల వెనకా, కోదాడ, హుజూర్‌నగర్ వరి పొలాల వెనకా ఉన్నది ఆ నీళ్లే.

మా సాఫ్ట్‌వేర్ పనిలో డేటాని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మారుస్తాం. ఒక్క వరుస కూడా పోకుండా చేరితే పని అయిపోయినట్టే. స్తూపాన్ని అలా మార్చలేం. ఇటుకలు చేరతాయి, కొలతలు చేరతాయి. దాని పక్కన పారిన ఏరు, దానికి వెళ్లే దారి, ఆ దారిలో ఉన్న ఊరు చేరవు. లోయలో పుల్లారెడ్డిగూడెం అనే పల్లె కూడా ఉండేది. రాజుల రాళ్లకి కొండ మీద చోటు దొరికింది. ఆ పల్లె అరుగులకి దొరికినట్టు నా కంటికి ఆనలేదు.

రోమ్ దగ్గర తివోలిలో విల్లా దెస్తె అనే తోట ఉంది. అక్కడికీ విద్యార్థులు పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తుంటారు. పదహారో శతాబ్దంలో ఇప్పోలితో దెస్తె అనే కార్డినల్ కట్టించుకున్నాడు. మోటార్లు లేని ఆ కాలంలో అనియెనె నది నీటిని మళ్లించి, పల్లం మీద ఆధారపడి ఎన్నో ఫౌంటెన్లు ఆడించారు. దాని కోసం ఊళ్లో ఇళ్లు కూల్చారు. హేడ్రియన్ చక్రవర్తి పాత విల్లా నుంచి పాలరాయి తెచ్చుకున్నారు. అక్కడ నీళ్లు మళ్లింది ఒకడి వినోదానికి, ఇక్కడ లక్షల ఎకరాలకి. రెండూ ఒకటే అనడం అన్యాయం. కానీ ఒక పోలిక మాత్రం ఉంది. చూడ్డానికి వచ్చినవాడికి నీళ్ల అందం కనిపిస్తుంది, వాటికి ఎవరు చోటిచ్చారో కనిపించదు.

ఒక మిత్రుడితో ఇదే అంటే, "అయితే ముద్ద ముద్దకీ ఏడవాలా?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఏడవనక్కర్లేదు. కరువు చూసిన నేలకి నీళ్లు రావడం తప్పని నేను అనుకోను. తిన్న అన్నాన్ని తిట్టే హక్కు నాకు లేదు. అలాగని "అభివృద్ధి అంటే అంతే, ఎవరో ఒకరు నష్టపోవాలి" అనే హక్కూ లేదు. ఆ మాట అనగలిగితే నష్టపోయినవాళ్లే అనాలి. లాభపడ్డవాడి నోట అది చాలా చవక మాట.

తప్పుకీ అప్పుకీ తేడా ఉంది. తప్పు చేసినవాడిది. అప్పు మాత్రం తండ్రి చేసినా కొడుకు మీదికి వస్తుంది. ఆనకట్ట మనం కట్టలేదు కాబట్టి సిగ్గుపడనక్కర్లేదు. ఆ నీళ్లు మన గిన్నెలోకి వచ్చాయి కాబట్టి బాకీ ఉంది. పూర్తిగా తీర్చలేని అప్పు విషయంలో కనీస మర్యాద ఒకటుంటుంది: అప్పే లేదని అనకపోవడం.

టూర్‌కి తీసుకెళ్లే టీచర్లకి ఇది పెద్ద పనేమీ కాదు. తిరుగు ప్రయాణంలో ఎడమ కాలువ వంతెన మీద బస్సు అయిదు నిమిషాలు ఆపండి. "పొద్దున మీరు లాంచీలో దాటింది ఒక ఊరిని. అందుకే ఈ నీళ్లు ఇటు వస్తున్నాయి" అని చెప్పండి. అంతకుమించి ఉపన్యాసం అక్కర్లేదు. పిల్లలు లెక్కలు బాగానే కడతారు.