మందునీళ్లు

వరంగల్ దగ్గర మా చిన్నమ్మ వాళ్ల పత్తిచేను గట్టున కూర్చున్నప్పుడు ఆమె కోడలు నన్నొక మాట అడిగింది. "వదినె, మందు కలిపి పోస్తున్న గద, కడుపుల బిడ్డకు ఏమన్న అయితదా?" అప్పటికామెకు నాలుగో నెల. మందు కొట్టేది మగవాడు, పంపు అతని వీపున ఉంటుంది. బోరు దగ్గర్నుంచి నీళ్లు తెచ్చి, డ్రమ్ములో మందు కలిపి, బిందెతో పంపు నింపేది ఆడవాళ్లు. సాయంత్రం అతని బట్టలుతికేదీ వాళ్లే. కొట్టడం పని. మిగతాదంతా సాయం. పురుగును చంపేదానికీ, గర్భిణికి డాక్టరు రాసిచ్చేదానికీ మన భాషలో ఒకటే మాట ఉండటం ఆ రోజు నన్ను మొదటిసారి ఇబ్బంది పెట్టింది.

డబ్బా మీద క్లోరిపైరిఫాస్ అని ఉంది. ఆ పేరు నాకు కొత్త కాదు. దాని గురించి చదివాను, సెమినార్లలో మాట్లాడాను కూడా. అయినా ఆమెకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

నాకు తెలిసిందిది. 1990ల చివర కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు న్యూయార్క్‌లోని పేదల పేటల్లో నల్లజాతి, డొమినికన్ గర్భిణులను కలిశారు. వాళ్లెవరూ చేలలో పనిచేసేవాళ్లు కారు. ఇళ్లలో బొద్దింకలకు కొట్టే మందే వాళ్లు పీల్చే గాలిలో ఉండేది. నెలలు నిండుతున్న రోజుల్లో, గాలిని పట్టే పరికరమున్న సంచిని ఆ తల్లులు రెండు రోజులు వీపున మోశారు. కాన్పయ్యాక బొడ్డుతాడు రక్తంలో మందు ఎంతుందో చూశారు. అది ఎక్కువున్నకొద్దీ ఏడేళ్ల వయసులో ఆ పిల్లలకు విన్నదాన్ని మనసులో నిలుపుకుని పనిచేసే శక్తి తగ్గినట్టు 2011లో ప్రకటించారు. అదే ఏడాది కాలిఫోర్నియాలోని సలినాస్ లోయ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. అక్కడి తల్లులు ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చిన వ్యవసాయ కూలీ కుటుంబాల వాళ్లు. గర్భిణులుగా ఉన్నప్పుడు మూత్రంలో ఈ జాతి మందుల ఆనవాళ్లు బాగా ఎక్కువగా ఉన్నవారి పిల్లలకూ, బాగా తక్కువగా ఉన్నవారి పిల్లలకూ ఏడేళ్ల వయసులో ఐక్యూలో సుమారు 7 పాయింట్ల తేడా కనిపించింది. ఈ మందును విరిచేసే ఎంజైము పసిపిల్లల్లో తల్లుల్లోకంటే చాలా తక్కువని కూడా అక్కడే తేల్చారు.

లెక్క తప్పకూడదని న్యూయార్క్‌లో తల్లుల ఐక్యూ కూడా కొలిచారు. శాస్త్రానికది అవసరమే. కానీ బిడ్డకు ఏదైనా అయితే ముందు తల్లిని పరీక్షకు నిలబెట్టడం మనకూ అలవాటే కదా అని నవ్వొచ్చింది.

నా తటపటాయింపు అక్కడే మొదలైంది. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూడగానే మనవాళ్లు "గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకున్నావా?" అని తల్లినే అడుగుతారు. ఆ చీలికకు గ్రహణమొర్రి అని పేరే పెట్టుకున్నాం. ఇప్పుడీ కొత్త విజ్ఞానం ఇంకో గ్రహణం కాదు గదా? ఇంతకాలం ఆమెకు తెలియదు. నేను చెప్పాక రేపు ఆ పిల్ల బడిలో వెనకబడితే, తెలిసీ చేసిందంటారు. మందు తయారుచేసినవాడి మీద, అమ్మినవాడి మీద, అనుమతిచ్చినవాడి మీద ఉండాల్సిన బాధ్యత నా ఒక్క మాటతో ఆమె నెత్తికెక్కుతుంది.

బిడ్డను కాపాడే పేరుతో తల్లిని వెళ్లగొట్టిన చరిత్ర కూడా ఉంది. 1978లో వెస్ట్ వర్జీనియాలో అమెరికన్ సయనమిడ్ కంపెనీ, సీసం వాడే రంగుల విభాగంలో పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లు ఉండకూడదంది. ఐదుగురు స్త్రీలు ఉద్యోగం నిలుపుకోవడానికి ఆపరేషన్ చేయించుకున్నారు. ఇలాంటి నిషేధం చెల్లదని జాన్సన్ కంట్రోల్స్ బ్యాటరీ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పడానికి 1991 దాకా పట్టింది. మనం ఆ తీర్పును గెలుపుగానే చెప్పుకుంటాం, గెలుపే. అయితే ఆ తీర్పు ఉద్యోగం గురించి, సీసం గురించి కాదు.

ఐక్యూ అనే కొలత మీద కూడా నాకు నమ్మకం తక్కువ. దాన్ని చూపించే ఎందరో పేద స్త్రీలకు పిల్లల్ని కనే అర్హత లేదన్నారు. ఏడు పాయింట్లు తగ్గిన పిల్ల ఏడు పాయింట్ల తక్కువ మనిషి కాదు. మరి ఇందులో నష్టమేమిటి? అడక్కుండా తీసుకోవడం. ఎవరి దగ్గర తీసుకున్నారో చూపించడానికి కూడా వీల్లేకుండా తీసుకోవడం. ఏ ఒక్క పిల్లనూ నిలబెట్టి ఈమెకు మందు వల్లే ఇలా అయిందని రుజువు చేయలేం. తేడా గుంపులోనే కనిపిస్తుంది. మన న్యాయానికేమో ఒక మనిషి, ఒక గాయం కావాలి.

జాగ్రత్తతో కానిది చట్టంతో అవుతుందనడానికి న్యూయార్క్ సాక్ష్యం ఉంది. ఈ మందును ఇళ్లలో వాడటం దాదాపు పూర్తిగా ఆపాలని 2000లో అమెరికా నిర్ణయించింది. 2001కి ముందు పుట్టినవాళ్లలో మందు ఎక్కువైనకొద్దీ పుట్టినప్పటి బరువు తగ్గింది. తర్వాత పుట్టినవాళ్లలో మందూ బాగా తగ్గింది, ఆ సంబంధమూ కనిపించలేదు. ఆ తల్లులు కొత్తగా పడిన జాగ్రత్త ఏమీ లేదు. పొలాలకు మాత్రం ఆ నిర్ణయం చాలావరకు వర్తించలేదు. కాలిఫోర్నియా చేలలో దాదాపుగా ఆగేసరికి 2020 అయింది. మన దగ్గర 2020లో కేంద్రం 27 మందుల నిషేధానికి వేసిన ముసాయిదాలో దీని పేరుంది. 2023లో ఉత్తర్వు వచ్చేసరికి జాబితా చిక్కిపోయింది, పూర్తిగా నిషేధించినవాటిలో ఈ పేరు లేదు. 2025లో స్టాక్‌హోమ్ ఒడంబడిక దేశాలు దీన్ని వదిలించుకోవాల్సిన రసాయనాల్లో చేర్చాయి, మినహాయింపులు పెట్టి.

ఇదంతా చేను గట్టు మీద చెప్పే మాట కాదు. కానీ ఆమె అడిగింది. అడిగిన మనిషి దగ్గర, భయపడుతుందనో నింద పడుతుందనో దాచడం కూడా ఆమెను చిన్నపిల్లను చేయడమే. మంచిది కాదు, కలపొద్దు, ఆ బట్టలు కూడా ముట్టుకోవద్దని చెప్పాను. ఆమె తల ఊపి, "మరెవరు కలుపుతరు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

చిన్నమ్మ మంచి మనిషి. కోడల్ని మర్నాటి నుంచి చేనుకు రానివ్వలేదు. రెండు రోజుల తర్వాత నేను బయల్దేరేముందు చేనువైపు వెళితే, డ్రమ్ము దగ్గర కూలికి వచ్చిన అమ్మాయి ఒకతె కొంగు ముక్కుకు చుట్టుకుని మందు కలుపుతోంది. పెళ్లై ఏడాది కాలేదట. నన్ను చూసి నవ్వి, బస్సు ఎన్ని గంటలకని అడిగింది. పదకొండుకని చెప్పాను. ఆమె మందు గురించి అడగలేదు, నేనూ చెప్పలేదు.