బీజక్షేత్ర విచారము

సంతానము కలుగని ఇంట తొలిమాట కోడలిపైననే పడును. వ్రతములు ఆమెవే, ఉపవాసములు ఆమెవే, ఆసుపత్రి మెట్లెక్కుటయు ముందుగా ఆమెయే. భర్తకును పరీక్ష చేయవలెనని వైద్యులన్నచో, "మా వంశములో అట్టి లోపము లేదు" అని అత్తగారే అడ్డుపడుదురు. క్షేత్రమును నిందించుట లోకమునకు అలవాటు. బీజమును శోధించుట అలవాటు లేదు. జననసూతకము, రజస్సూతకము పాటింపరాదని బోధించిన శరణుల మార్గమున నడచు ఇండ్లలో సైతము ఈ అలవాటు మిగిలియుండుట శోచనీయము.

నిజమునకు వీర్యపరీక్ష మిక్కిలి సులభము. సూది లేదు, కోత లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన ప్రమాణముల ననుసరించి, మిల్లీలీటరు వీర్యమున 1.6 కోట్ల కణములు, వానిలో కదలిక గలవి నూటికి 42, సరియైన ఆకృతి గలవి నూటికి 4 ఉండుట కనీసపు హద్దు. నూటికి నాలుగేనా యని ఆశ్చర్యము కలుగవచ్చును. ప్రకృతి విత్తనమును అంత ధారాళముగ వెదజల్లును. ఏడాదిలోగా భార్యలు గర్భము దాల్చిన పురుషులలోనే నూటికి ఐదుగురు ఒక్కొక్క హద్దునకు దిగువ నుందురు. కావున ఒక్క కాగితము చూచి తీర్పు చెప్పరాదు. వీర్యకణము తయారగుటకు సుమారు 74 దినములు పట్టును గనుక, జ్వరము వచ్చినను, పొగత్రాగుట మానినను, దాని ఫలితము రెండు మూడు నెలల పిదపగాని పూర్తిగా కనబడదు.

వైద్యసహాయము తప్పనిసరియైనచో అండమును ఫలింపజేయు పద్ధతులు రెండు. 1978లో ఇంగ్లండున తొలి శిశువును లోకమునకు తెచ్చిన పద్ధతిలో, పాత్రలోని అండము చుట్టును వేలకొలది కణములను విడుతురు. ఏది చొచ్చుకొనునో దానిదే జయము. 1992లో బ్రస్సెల్సు వైద్యులు ప్రకటించిన ఇక్సీ పద్ధతిలో, ఒకే కణమును సన్నని సూదితో అండములోనికి పంపుదురు. కణములు అత్యల్పముగ నున్నవారికి ఇది వరమే. కాని బీజము చక్కగ నున్నవారును ఇదియే మేలని పట్టుపట్టుచున్నారు. వియత్నాములో 1,064 జంటలపై జరిపి 2021లో ప్రకటించిన పరిశోధనలో, వీర్యము సరిగా నున్నచోట ఇక్సీ వలన నూటికి 35 జంటలకు, పాత పద్ధతి వలన 31 జంటలకు శిశువు దక్కెను. ఆ భేదము గణింపదగినది కాదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఖర్చు మాత్రము ఇక్సీకే హెచ్చు. ఏది తగునో బీజపరీక్ష తెలుపవలెనే గాని, ఇంటివారి ఆత్రము కాదు.

ధర్మసందేహము ఇచ్చటనే యున్నది. ఇక్సీ పురుషుని లోపమునకై పుట్టినది. హార్మోను సూదులు పొడిపించుకొనునది, మత్తులో అండములు తీయించుకొనునది మాత్రము ఆరోగ్యవతియైన భార్య. లోపము ఒకరిది, నొప్పి ఒకరిది. ఆమె దేహమును అప్పగించుచుండగా, కారణమును ఆమెకే దాచి, నింద ఆమెపై నిలువనిచ్చు భర్త నడవడిని ధర్మమనుటకు వీలున్నదా? నిజమును ఊరంతయు చాటనక్కరలేదు. ఆమెకు చెప్పక తీరదు. పదిమందిలో ఆమెపై మాట పడినపుడు ఊరకుండుటయు తగదు. మన దేశపు 2021 నాటి చట్టము చికిత్స కోరువారి వ్రాతపూర్వక సమ్మతిని విధించినది. తెలియనిదానికి సమ్మతి యెట్లిత్తురు?

నోరులేని మూడవ ప్రాణియు కలదు. కణములు అత్యల్పమగుటకు వై క్రోమోజోములోని లోపము కారణమైనచో, ఇక్సీ వలన పుట్టిన కుమారునికిని అది సంక్రమించును. ప్రకృతి మూసిన ద్వారమును సూది తెరచుచున్నది. అంతమాత్రమున ఇక్సీ కూడదని కాదు. అట్టివారు ముందుగా జన్యుపరీక్ష చేయించుకొని, ఫలితమును దంపతులిరువురును కలసి చదువుకొనవలెను. అది చూచి కొందరు దత్తతకు మరలుదురు. కొందరు ఇక్సీకే పోవుదురు.