హాని తొలగితే హరామ్ తొలగుతుందా?

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక, బి.ఫార్మసీ చదువుతున్న ఒక యువకుడు నా దగ్గరికి వచ్చి సలాం చేసి కూర్చున్నాడు. "మౌలానా! మా అన్న తాగుతున్నాడు. వద్దంటే, 'నాకు కడుపులో మంట లేదు, నొప్పి లేదు. పైగా ముందే మాత్ర వేసుకుంటున్నాను. హాని చేస్తుందనే కదా నిషేధించారు? హాని లేనప్పుడు ఇంకేం?' అంటున్నాడు. ఏం జవాబు చెప్పాలి?" అని అడిగాడు. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. కనుక కాస్త ఆలోచిద్దాం.

మన జీర్ణాశయంలో ఆహారాన్ని కరిగించే ఘాటైన ఆమ్లం ఊరుతుంది. అది జీర్ణాశయాన్నే కాల్చివేయకుండా అల్లాహ్ లోపలి గోడలపై ఒక జిగురు పొరను అమర్చాడు. మద్యం ఈ పొరను దెబ్బతీస్తుంది. శరీరంలో మద్యం విచ్ఛిన్నమయ్యేటప్పుడు అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం తయారవుతుంది. కణాలను దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పెరుగుతాయి. వాటిని అదుపుచేసే గ్లూటాథయోన్ వంటి రక్షక పదార్థాలు తరిగిపోతాయి. దాడి పెరిగి రక్షణ తగ్గిన ఈ స్థితినే వైద్యులు ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. ఇనుముకు తుప్పు పట్టినట్టు కణాలు పాడవుతాయి. వాపు, పుండ్లు, రక్తస్రావం దాని ఫలితాలు.

మరి నొప్పి తెలియాలి కదా? తెలిసితీరాలనేమీ లేదు. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే వ్యక్తికి తుపాకీ గాయమైంది. గాయం మానినా, జీర్ణాశయంలోకి ఒక రంధ్రం మిగిలిపోయింది. విలియం బ్యూమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ రంధ్రం గుండా సంవత్సరాల తరబడి పరిశీలించి 1833లో గ్రంథం వెలువరించాడు. ఆ మనిషి కొన్ని రోజులు వరసగా మద్యం తాగినప్పుడు లోపలి పొర ఎర్రబారి, మచ్చలు పడి, రక్తం చెమర్చి కనిపించింది. అయినా మొదట్లో అతనికి బాధేమీ తెలియలేదు!

ఇక మాత్ర సంగతి. ఎలుకలకు ముందుగా కొన్ని యాంటీ ఆక్సిడెంట్లు ఇచ్చి, తర్వాత ఆల్కహాల్ ఇస్తే పుండ్లు తగ్గినట్టు ప్రయోగాల్లో తేలిన మాట నిజమే. కాని మద్యం కడుపుతో ఆగదు. రక్తంలో కలిసి కాలేయానికి, మెదడుకు చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మద్యపానీయాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా ప్రకటించింది.

అయినా, రేపు శరీరాన్ని పూర్తిగా కాపాడే మాత్ర ఒకటి వచ్చిందనుకుందాం. అప్పుడు మద్యం హలాల్ అవుతుందా? ఎంతమాత్రం కాదు. ఇక్కడ పొరపాటు మనదీ ఉంది. 'ఆరోగ్యానికి హాని, కనుక హరామ్' అని పిల్లలకు చెప్పి ఊరుకుంటున్నాం. ఆ అన్న మనం నేర్పిన వాదాన్నే మనకు తిప్పి చెబుతున్నాడు.

ధర్మశాస్త్ర పండితులు ఇల్లత్‌ను, హిక్మత్‌ను వేరుచేసి చూస్తారు. ఇల్లత్ అంటే ఆదేశానికి ఆధారమైన కారణం. హిక్మత్ అంటే ఆ ఆదేశంలో ఉన్న మేలు. ప్రయాణంలో నమాజును ఖస్ర్ చేస్తాం. అందుకు ఇల్లత్ ప్రయాణం, శ్రమ తగ్గడం హిక్మత్. అందుకే ఏసీ బోగీలో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లేవాడు కూడా ఖస్ర్ చేస్తాడు. సొంత ఊళ్లో ఎర్రటి ఎండలో బస్తాలు మోసే హమాలీ మాత్రం జొహర్ ఫర్జ్ నాలుగు రకాతులూ చదువుతాడు.

మద్యం విషయంలో ఇల్లత్ మత్తు. ఆరోగ్య రక్షణ అందులోని హిక్మత్‌లలో ఒకటి మాత్రమే. ద్రాక్షసారా దానంతటదే సిర్కాగా మారితే మత్తు పోతుంది, అప్పుడది హలాల్. మాత్ర కడుపును కాపాడుతుందేమో గాని సీసాలోని మత్తును తీసివేయదు. ఎక్కువైతే మత్తెక్కించేదాన్ని కొంచెం తీసుకోవడం కూడా నిషిద్ధమేనని మహాప్రవక్త (స) స్పష్టం చేశారు.

మద్యంలో కొంత ప్రయోజనం ఉందని అల్ బఖరా 219వ ఆయతు అంగీకరిస్తూనే, దాని పాపం అంతకన్నా పెద్దదని హెచ్చరించింది. అల్ మాయిదా 90, 91 ఆయతులు ప్రస్తావించింది కడుపు పుండును కాదు. మనుషుల మధ్య షైతాను రేపే వైరాన్ని, దైవస్మరణకూ నమాజుకూ దూరం కావడాన్ని! ఆ నష్టాన్ని ఏ మాత్ర మాన్పగలదు?

చివరగా ఆ యువకుడితో ఒక మాట చెప్పాను: "వాదంలో గెలిచి అన్నను పోగొట్టుకోకు నాయనా!" మద్యం తాగి పలుమార్లు శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఒకరు శపిస్తే మహాప్రవక్త (స) వారించారు. ఆ వ్యక్తికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని చెప్పారు (బుఖారీ). కనుక అన్న పక్కన కూర్చోవాలి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాలి. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానితే ప్రమాదం రావచ్చు కాబట్టి, మానడానికి వైద్యుని సాయం తీసుకోవాలి. జీర్ణాశయపు లోపలి కణాలు కొద్ది రోజులకే రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. మానినవాడికి శరీరమే ఒక అవకాశం ఇస్తుంది. తౌబా ద్వారం కూడా తెరిచే ఉంది.

కారణం తెలిసినా తెలియకపోయినా తన ఆజ్ఞకు తలవంచే భాగ్యాన్నీ, దారి తప్పినవారిని ప్రేమతో పిలిచే మనసునూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.